దేవుడు ముందే నిర్ణయిస్తే మనిషి చేసేదేముంది?

అందరికీ వందనాలు. వెనక ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్లకు వినపడకపోతే ఒక చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను. బైబిళ్లు తెచ్చుకున్నారు కదా? ఫోన్లో ఉన్నా సరే. ఇవాళ చాలాసార్లు పేజీలు తిప్పాలి.

దేవుడు ముందే చేసిన నిర్ణయం, మనిషి స్వచిత్తం, అంటే తనంతట తాను ఎంచుకునే శక్తి. దీనిమీద మన సంఘాల్లో వినపడే ప్రశ్నలు పైకి ఒకేలా ఉంటాయి గానీ, అవి రెండు రకాలు. ఒకటి వాదించేవాడి ప్రశ్న. "జగత్తు పునాది వేయకముందే ఎవరు రక్షింపబడాలో దేవుడు నిర్ణయించేశాక ఇంక సువార్త దేనికి? ప్రార్థన దేనికి? ఈ సభలూ మైకులూ దేనికి?" అంటాడు. రెండోది భయపడేవాడి ప్రశ్న. "అయ్యగారూ, ఆ ఏర్పాటులో నేను లేనేమో." ఏర్పాటు అంటే రక్షణకు దేవుడు ముందే ఎన్నుకోవడం. ఇది సభలో ఎవరూ అడగరు. ఆసుపత్రి మంచం మీద అడుగుతారు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అడుగుతారు. మొదటివాడికి చెప్పే జవాబు రెండోవాడికి చెబితే ఇంకా కుంగిపోతాడు. రెండోవాడికి చెప్పాల్సింది మొదటివాడికి చెబితే నవ్వేసి వెళ్లిపోతాడు. కాబట్టి రెంటినీ కలిపి కుట్టొద్దు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఎవరు నమ్ముతారన్నది దేవుని నిర్ణయమే అన్న కాల్విన్ గెలిచాడా, దేవుని కృపను మనిషి తోసేయగలడన్న ఆర్మీనియస్ గెలిచాడా, ఇవాళ తేల్చుకుని ఇంటికెళదామని వచ్చినవాళ్లుంటే నిరాశ తప్పదు. పదహారు వందల ఏళ్లుగా తేలనిది భోజనాల వేళకు తేలుతుందా? కానీ ఈ వాదంలో ఒక వింత ఉంది. ఒక పక్షం వాళ్లు ఎప్పుడూ ఎదుటి పక్షం అననిదాన్నే ఖండిస్తుంటారు. ఎవరు ఏమన్నారో, ఏమనలేదో దగ్గరగా చూస్తే సగం గొడవ పోతుంది. మిగతా సగం నిజమైన గొడవే, అది అలాగే ఉంటుంది. దాన్ని దాచిపెట్టను.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీయండి. ఏర్పాటు గురించి మాట్లాడాలంటే అందరూ రోమా పత్రిక 9వ అధ్యాయానికి పరిగెత్తుతారు. మనం ఓడ ఎక్కుదాం.

పౌలు ఖైదీగా రోమాకు వెళ్తున్నాడు. తుఫాను. చాలా రోజులు సూర్యుడూ లేడు, నక్షత్రాలూ లేవు. బతుకుతామన్న ఆశ పూర్తిగా పోయింది. అప్పుడు పౌలు లేచి ఏమన్నాడు? 22వ వచనం. ఓడకే గానీ మీలో ఎవరి ప్రాణానికీ నష్టం కలగదు అన్నాడు. ఎలా తెలుసు? దేవదూత చెప్పాడు. నీతోపాటు ఓడలో ఉన్నవాళ్లందరినీ దేవుడు నీకు అనుగ్రహించాడు అని. అందులో "బహుశా" ఉందా? "మీరు సహకరిస్తే" ఉందా? లేదు. మాట ఇచ్చేశాడు, అంతే.

ఇప్పుడు పద్నాలుగో రాత్రికి రండి. అర్ధరాత్రి వేళ ఏదో నేల దగ్గరపడుతోందని నావికులకు అనిపించింది. లోతు చూశారు, ఇరవై బారలు. కొంచెం ముందుకెళ్లి మళ్లీ చూశారు, పదిహేను బారలు. రాళ్లకు కొట్టుకుంటామని భయపడి వెనకవైపు నుంచి నాలుగు లంగర్లు దించారు. తెల్లవారితే బాగుండని కాచుకున్నారు. ఇక్కడ చూడండి. ముందువైపు కూడా లంగర్లు వేస్తామనే నెపం పెట్టుకుని ఆ నావికులు చిన్న పడవ దించుతున్నారు. పారిపోవడానికి! ఓడ నడపడం తెలిసినవాళ్లు వాళ్లే. అప్పుడు పౌలు శతాధిపతితో, సైనికులతో ఏమన్నాడు? 31వ వచనం. వీళ్లు ఓడలో ఉంటేనే గానీ మీరు తప్పించుకోలేరు.

అదేంటి? మొన్ననేగా ఒక్కరి ప్రాణం కూడా పోదన్నావు? దేవుడు చెప్పాడన్నావు? ఇప్పుడు "ఉంటేనే గానీ" అంటావేంటి?

ఆ ఓడలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. సైనికులు కత్తి తీసి పడవ తాళ్లు కోసేశారు. పడవ కొట్టుకుపోయింది. తర్వాత పౌలు అందరిచేతా తినిపించాడు, ఎన్నో రోజులుగా తినలేదు, ఒంట్లో సత్తువ ఉండాలి కదా. అప్పుడు లెక్క చెబుతాడు లూకా, 276 మంది అని. తిన్నాక ఓడ తేలికవ్వాలని గోధుమలు సముద్రంలో పారబోశారు. చివర్లో ఈత వచ్చినవాళ్లు ఈదారు, రానివాళ్లు పలకల మీద, ఓడ చెక్కల మీద తేలుతూ వచ్చారు. అందరూ ఒడ్డెక్కారు. మాట నెరవేరింది. ఎలా నెరవేరింది? నావికుల పనితనంతో, కోసిన తాళ్లతో, తిన్న రొట్టెతో, చెక్కపలకలతో.

మన నేలలో ముందు నిర్ణయం అనగానే మనసులోకి వచ్చేది తలరాత. పరీక్షిత్తు కథ అందరికీ తెలిసిందే. ఏడు రోజుల్లో పాముకాటుతో చావు అని శాపం. ఒంటిస్తంభం మేడ కట్టించుకున్నాడు, కాపలాలు పెట్టించాడు, వైద్యుల్ని కూర్చోబెట్టాడు. అయినా పండులో పురుగై తక్షకుడు వచ్చాడు. అక్కడ మనిషి చేసిన ప్రయత్నమంతా వృథా, రాసింది జరిగి తీరుతుంది. ఈ ఓడలో అలా ఉందా? ఇక్కడ ప్రయత్నం వృథా కాదు. ఆ నావికులు ఓడలో ఉండకపోతే తప్పించుకోలేరని స్వయంగా పౌలే అంటున్నాడు. గమ్యాన్ని నిర్ణయించినవాడు దారిని కూడా నిర్ణయంలోనే పెట్టాడు. ఈ తేడా ఒక్కటి పట్టుకోండి. "ఏర్పాటు ఉంటే సువార్త దేనికి" అన్నవాడు తనకు తెలియకుండానే మేడమీది పరీక్షిత్తు గురించి మాట్లాడుతున్నాడు. బైబిల్లో ఉన్న విషయం గురించి కాదు.

ఆగండి, ఆర్మీనియన్ పక్షం సహోదరులు ఇక్కడ ఎవరైనా ఉంటే అన్యాయం చేయకూడదు. వాళ్లు ఈ అధ్యాయాన్నే ఇంకోలా చదువుతారు. ఎవరు ఏం చేస్తారో దేవునికి ముందే తెలుసు, ఆ తెలిసినదాన్ని బట్టే మాట ఇచ్చాడు, పౌలు ఇచ్చిన హెచ్చరిక నిజమైన హెచ్చరికే అంటారు. కాల్విన్ పక్షం ఏమంటుంది? హెచ్చరిక నిజమైనదే, దాన్ని వాళ్లు వినేలా చేసింది కూడా దేవుడే అంటుంది. తాడు కోయాలన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే. దేవుడు చెప్పాడు కదా అని చేతులు కట్టుకుని కూర్చోమన్నవాడు ఈ రెండు పక్షాల్లోనూ లేడు.

ఇశ్రాయేలీయులను పోనివ్వనన్న ఐగుప్తు రాజు ఫరో సంగతి క్లుప్తంగా. నిర్గమకాండం 4:21లో, 7:3లో యెహోవా ముందే చెబుతాడు, నేను అతని హృదయాన్ని కఠినపరుస్తాను అని. తెగుళ్లు మొదలయ్యాక చూడండి. 8:15, ఫరో తన హృదయాన్ని తానే కఠినపరచుకున్నాడు. 8:32, మళ్లీ అదే. యెహోవా ఫరో హృదయాన్ని కఠినపరిచాడు అని జరిగిన సంగతిగా మొదటిసారి కనపడేది 9:12లో, ఆరో తెగులు దద్దుర్ల దగ్గర. ఒక పక్షం 4:21 పట్టుకుంటుంది, ఇంకో పక్షం 8:15 పట్టుకుంటుంది. రాసినవాడు రెంటినీ పక్కపక్కనే పెట్టాడు. 9:34లో ఫరో "ఇంకా పాపం చేశాడు" అని కూడా రాశాడు. దేవుడు కఠినపరిచాడు కాబట్టి ఫరోది తప్పు కాదని ఎక్కడా లేదు.

రోమా 9 గురించి ఒకే ఒక్క విన్నపం. అక్కడ బైబిలు మూసేయకండి. 9లో మన్ను మీద కుమ్మరికి అధికారం ఉందన్న మాట. 10లో "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" 11లో దేవుని జ్ఞానం ఎంత లోతైనదో అని స్తుతి. మూడు అధ్యాయాలూ ఒకే ఊపిరిలో రాసినవి. ఏర్పాటు గురించి అంత గట్టిగా మాట్లాడినవాడే వెంటనే సువార్తికుడు లేకపోతే ఎలా అని అడుగుతున్నాడు. ఇంట్లో ఒకసారి మూడూ కలిపి చదవండి, గట్టిగా చదివితే పావుగంట కూడా పట్టదు.

ఒక మఠంలో మొదలైన గొడవ

ఇప్పుడు చరిత్రలోకి. ఐదో శతాబ్దం మొదట్లో రోమ్‌లో పెలాగియస్ అనే ఆయన ఉండేవాడు. బ్రిటన్ నుంచి వచ్చినవాడు, నిష్ఠ గలవాడు. పేరుకు క్రైస్తవులై బతుకులో ఏ మార్పూ లేనివాళ్లను చూసి ఆయనకు ఒళ్లు మండేది. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీన్ తన ప్రార్థనలో "నీవు ఆజ్ఞాపించినది నాకు ఇయ్యి, నీకు ఇష్టమైనది ఆజ్ఞాపించు" అని రాశాడు. అది విని పెలాగియస్ సహించలేకపోయాడు. దేవుడే ఇవ్వాలంటే ఇంక మనిషి బాధ్యత ఏం మిగిలింది? దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే చేయగల శక్తి మనిషిలో ఉన్నట్టే కదా? ఆయన వాదన అది. మరి కృప అంటే? మనకు స్వచిత్తం ఇవ్వడం, ధర్మశాస్త్రం ఇవ్వడం, క్రీస్తు మాదిరి చూపించడం, చేసిన పాపాలు క్షమించడం, ఇవన్నీ కృపే అన్నాడు. లోపల మనసును తిప్పే కృప మాత్రం ఆయన లెక్కలో లేదు. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో కూడిన బిషప్పుల సభ ఆ బోధను ఖండించింది.

ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు, నాకైతే అదే ముఖ్యం. ఇప్పటి ట్యునీషియాలో సముద్రం పక్కన హాడ్రుమెటుం అని ఒక పట్టణం ఉండేది, ఇవాళ దాని పేరు సూస్. అక్కడొక మఠం. ఫ్లోరస్ అనే సన్యాసి వేరే ఊరు వెళ్లినప్పుడు, కృప గురించి అగస్టీన్ రాసిన ఒక పాత ఉత్తరం దొరికింది. నకలు రాయించి మఠానికి పంపాడు. అంతే, మఠం రెండుగా చీలిపోయింది. ఇద్దరు యువ సన్యాసులు బయల్దేరి హిప్పో వెళ్లి అగస్టీన్‌నే అడిగారు. ఇది 426, 427 ప్రాంతం. కృప, స్వచిత్తం రెండూ ఉన్నాయని ఆయన ఒక పుస్తకం రాసిచ్చాడు. మఠంలో చదివారు. చదివాక ఒకాయన ఏమన్నాడో తెలుసా? "అలాగైతే మఠాధిపతి మమ్మల్ని గద్దించడం దేనికి? మంచి చేయడం దేవుడిచ్చే వరమే అయితే, చేయనివాడి కోసం ప్రార్థన చేసి ఊరుకోవాలి. తిట్టడం అన్యాయం."

చూశారా! ఇవాళ యూత్ మీటింగుల్లో అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబుగా అగస్టీన్ ఇంకో పుస్తకం రాశాడు, గద్దింపు, కృప గురించి. అందులో చెప్పిందేమిటి? గద్దిస్తారు, ఎందుకంటే తప్పు నీది, నీ ఇష్టంతోనే చేశావు. రెండు, గద్దింపు కూడా దేవుడు వాడే మందే. దాంతోనే కొందరిని తిప్పుతాడు. మూడు, ఎవరు ఏర్పాటులో ఉన్నారో మనకు తెలియదు గనక అందరూ రక్షింపబడాలనే కోరాలి, అందరినీ గద్దించాలి. పడవ తాడు ఇక్కడా ఉంది, కనపడుతోందా?

అగస్టీన్‌ను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. దేవుడు కొందరిని ఎందుకు వదిలేశాడు అన్నదానికి ఆయన చివరికి చెప్పింది దేవుని తీర్పులు శోధింపశక్యం కానివి అని మాత్రమే. దక్షిణ గాలియా, అంటే ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్ సన్యాసులకు అది రుచించలేదు, వాళ్లూ దైవభక్తులే. వందేళ్ల తర్వాత 529లో అక్కడి ఆరెంజ్ పట్టణంలో కూడిన సభ మధ్యస్థంగా తేల్చింది. విశ్వాసం మొదలవడం కూడా కృపవల్లనే. కానీ దేవుడు ఎవరినైనా చెడుకు నియమించాడని అన్నవాళ్లను శపించింది. ఈ రెండు గీతల మధ్యే తర్వాతి కాలంలో పశ్చిమ సంఘం నడిచింది.

డోర్ట్‌లో నిజంగా ఏం రాశారు

ఒక వెయ్యేళ్లు దాటేద్దాం. 1600ల నెదర్లాండ్స్. జాకబస్ ఆర్మీనియస్ జెనీవాలో కాల్విన్ వారసుడైన బేజా దగ్గర చదువుకున్నవాడు, ఆమ్‌స్టర్‌డామ్‌లో పాస్టరు, 1603 నుంచి లైడెన్‌లో ప్రొఫెసరు. అక్కడ తోటి ప్రొఫెసరు గోమారస్‌తో ఈ అంశం మీద గొడవ వచ్చింది. 1609లో ఆర్మీనియస్ చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన పక్షం పాస్టర్లు నలభై మందికి పైగా ఐదు అంశాలతో ప్రభుత్వానికి విన్నపం పెట్టుకున్నారు. గుర్తుంచుకోండి, ఆ ఐదు అంశాలు ముందు రాసింది ఆర్మీనియన్లు. ఇప్పుడు యూట్యూబులో TULIP అనే ఐదు ఇంగ్లిషు అక్షరాలతో కాల్వినిజం నేర్చుకుంటున్నారు చూడండి, ఆ అక్షరాలు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చినవి. అసలు డోర్ట్ పట్టణంలో కూడిన సంఘ మహాసభ, అంటే సినడ్‌లో వరస వేరు.

ఆ 1610 విన్నపంలో ఏముంది? విశ్వసించి అంతం వరకు నిలిచేవాళ్లను క్రీస్తులో రక్షించాలని దేవుడు నిర్ణయించాడు. క్రీస్తు అందరి కోసం చనిపోయాడు, కానీ విశ్వసించేవాడికే ఆ మేలు అందుతుంది. మూడో అంశం జాగ్రత్తగా వినండి. మనిషికి రక్షించే విశ్వాసం తనంతట తనకు లేదు, తన స్వచిత్తపు బలంతో రాదు, పరిశుద్ధాత్మ వల్ల కొత్తగా పుట్టాలి. ఇది పెలాగియస్ మాటేనా? కాదు! ఆర్మీనియన్ అనగానే "మనిషి తన బలంతో రక్షణ సంపాదిస్తాడంటారు" అని తిట్టేవాళ్లు ఈ మూడో అంశం చదవలేదు. నాలుగోది, ఆ కృపను మనిషి ఎదిరించగలడు. ఐదోది, నిజమైన విశ్వాసి పడిపోగలడా అన్నది లేఖనాల్లోంచి ఇంకా వెతికి తేల్చుకోవాలి అని వదిలేశారు.

గొడవ అసలు చోటు ఇప్పుడు దొరికిందా? కృప కావాలా వద్దా అన్నది కాదు. మనిషి ఎంచుకుంటాడా లేదా అన్నదీ కాదు, ఎంచుకుంటాడని ఇద్దరూ అంటారు. ముందు వచ్చే కృపను మనిషి కాదని తోసేయగలడా? ఒకరు నమ్మి ఇంకొకరు నమ్మకపోవడానికి ఆఖరి కారణం ఎక్కడుంది, దేవుని సంకల్పంలోనా, మనిషి తోసేయడంలోనా? గొడవంతా అక్కడ. అక్కడ మాత్రం రాజీ కుదరదు, రెండూ ఒకేసారి నిజం కాలేవు.

1618 నవంబరు 13న డోర్డ్రెక్ట్ (డోర్ట్) పట్టణంలో ఆ సినడ్ కూడింది. బ్రిటన్, జర్మన్ రాజ్యాలు, స్విస్ నగరాలు ప్రతినిధులను పంపాయి. ఫ్రెంచి సంఘాలవాళ్లను వాళ్ల రాజు పోనివ్వలేదు. ఆర్మీనియన్ పక్షం వాళ్లను చర్చకు సాటివాళ్లుగా పిలవలేదు, సంజాయిషీ చెప్పుకోవడానికి పిలిచారు. జనవరిలో అధ్యక్షుడు బోగర్మన్ వాళ్లను బయటికి పొమ్మన్నాడు. తర్వాత సుమారు 200 మంది పాస్టర్ల పదవులు పోయాయి. సినడ్ ముగిసిన రోజుల్లోనే, 1619 మే 13న, వాళ్లకు అండగా ఉన్న ముసలి రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల హేగ్‌లో నరికేశారు. నేరం రాజద్రోహం అన్నారు గానీ, రాజకీయమూ సిద్ధాంతమూ అప్పటికే విడదీయరానంతగా కలిసిపోయాయి. న్యాయశాస్త్రవేత్త గ్రోషియస్‌కు యావజ్జీవం పడింది. 1621లో పుస్తకాల పెట్టెలో దాక్కుని కోటలోంచి తప్పించుకున్నాడు. కృప గురించి మాట్లాడే సభ కృప లేకుండా నడిచింది. డోర్ట్ అభిమానులు ఈ పేజీ దాటేయకూడదు.

అయితే ఆ సినడ్ రాసిన తీర్మానాలు చదివితే ఆశ్చర్యపోతారు. రెండో భాగం మూడో అంశం: క్రీస్తు మరణం సర్వలోక పాపాలకు చాలినంత విలువైనది. మూడు, నాలుగు భాగాలు కలిపి రాశారు, అందులో 16వ అంశం: ఈ కృప మనుషులను మొద్దులూ దుంగలూ అన్నట్టు చూడదు, వాళ్ల చిత్తాన్ని తీసేయదు, బలవంతం చేయదు, బతికిస్తుంది, బాగుచేస్తుంది. "కాల్వినిస్టులు మనిషిని రోబో అంటారు" అనేవాళ్లు ఇది చదవలేదు. ఇద్దరికీ చెరో వాత పెట్టాను, సరిపోయిందా?

లూథరన్లు ఇంకో దారి పట్టారు, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు శ్రద్ధగా వినండి. 1577లో వాళ్లు రాసుకున్న ఒప్పందపు సూత్రంలో 11వ అంశం: ఏర్పాటు రక్షణకు మాత్రమే, నాశనానికి కాదు. రక్షింపబడితే పూర్తిగా కృప. నశిస్తే పూర్తిగా మనిషి తప్పు. "మరి ఈ రెండూ ఎలా అతుకుతాయి?" అంటే అతికించం అంటారు. తర్కం అడిగిన చోటల్లా జవాబు చెప్పాలనే రూలు లేదంటారు. కేథలిక్కుల్లో డొమినికన్లూ జెస్యూట్లూ అనే రెండు గురువుల సంఘాలు ఇదే అంశం మీద కొట్టుకుంటే, రోమ్‌లో 1598 నుంచి విచారణ నడిచి, 1607లో ఐదో పౌలు పోపు ఎవరూ ఎవరినీ తప్పుబట్టొద్దని చెప్పి తీర్పు లేకుండానే ఇళ్లకు పంపేశాడు. అదీ ఒక తీర్పే.

ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం నడిపిన ప్రసంగికులు వెస్లీ, విట్‌ఫీల్డ్. ప్రాణస్నేహితులు. 1739లో వెస్లీ బ్రిస్టల్‌లో ముందు నిర్ణయానికి వ్యతిరేకంగా ప్రసంగించి అచ్చు వేయించాడు. అది నిజమైతే ప్రసంగాలన్నీ వృథా అన్నాడు. 1740 డిసెంబరు 24 తేదీతో జార్జియా నుంచి విట్‌ఫీల్డ్ జవాబు రాశాడు. ఏర్పరచబడినవాళ్లు ఎవరో మనకు తెలియదు కనకనే అందరికీ ప్రకటించాలి, ప్రసంగం దేవుడు పెట్టిన సాధనం అన్నాడు. హాడ్రుమెటుం ప్రశ్న, హాడ్రుమెటుం జవాబు, పదమూడు వందల ఏళ్ల తర్వాత. స్నేహం దెబ్బతింది, మళ్లీ కొంత అతుక్కుంది. 1770లో విట్‌ఫీల్డ్ చనిపోతే లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీనే.

ఇందులో మన వాటా కూడా ఉంది. ఆంగ్లికన్ల 39 అంశాల్లో 17వది ఏర్పాటు గురించి. 1784లో అమెరికా మెథడిస్టుల కోసం ఆ జాబితా కుదించినప్పుడు వెస్లీ ఆ 17వ అంశాన్ని ఎత్తేశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఏం జరిగింది? బందరు, దోర్నకల్ వైపు ఆంగ్లికన్లు, మెదక్ వైపు వెస్లీయన్లు, కడప వైపు లండన్ మిషన్ వాళ్లు ఒకే సంఘమయ్యారు. 17వ అంశం ఉన్నవాళ్లూ, దాన్ని ఎత్తేసిన వెస్లీ వారసులూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నారు. అందరూ ఒప్పుకున్న అపొస్తలుల విశ్వాస ప్రమాణంలోనూ, నైసీయ ప్రమాణంలోనూ ముందు నిర్ణయం మీద ఒక్క వాక్యం లేదు. అందుకే ఇవాళ ఈ హాల్లో రెండు పక్షాలవాళ్లూ కూర్చోగలిగారు.

భయపడేవాడికి ఏం చెప్పాలి

ఇప్పుడు రెండో ప్రశ్న. పెద్దలు, సంఘ పరిచారకులు ఇది రాసుకోండి.

"నేను ఏర్పాటులో లేనేమో" అని ఒకరు మీ దగ్గరికి వచ్చారు. మొదట చేయకూడనిది, వెంటనే రోమా 9 తెరవడం. ముందు అడగండి, ఈ భయం ఎప్పటినుంచి? చాలాసార్లు దాని వెనక ఒక ఫలానా పాపం ఉంటుంది, లేదా ఇంట్లో ఒక చావు ఉంటుంది, లేదా ఎక్కడో విన్న ఒక ప్రసంగం ఉంటుంది. నిద్ర పడుతోందా, తింటున్నారా అని కూడా అడగండి. వారాల తరబడి నిద్ర లేకపోతే, చచ్చిపోవాలనిపిస్తోందంటే, ప్రార్థన చేసి పంపేయకండి. ఇంట్లోవాళ్లకు చెప్పి, డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. మానసిక కుంగుబాటును ఏర్పాటు సమస్యగా చూసి సిద్ధాంతం బోధిస్తే ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత యోహాను 6:37. "తండ్రి నాకు అనుగ్రహించు వారందరును నాయొద్దకు వత్తురు; నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను." ఈ వచనంలో రెండు సగాలున్నాయి. మొదటి సగం దేవుని లెక్క. అది మన చేతికిచ్చిన పుస్తకం కాదు, అందులో పేరు వెతకమని ఆయన ఎవరికీ చెప్పలేదు. రెండో సగం మనకిచ్చిన మాట. భయపడేవాడు ఎప్పుడూ మొదటి సగం తలుపు తడుతుంటాడు, అది తెరుచుకోదు. అతన్ని రెండో సగం దగ్గరికి తీసుకురండి. కాల్విన్ కూడా ఇదే చెప్పాడు, మన ఏర్పాటును చూసుకోవలసిన అద్దం క్రీస్తే అని. పైకెక్కి దేవుని సంకల్పంలోకి తొంగిచూడాలనుకున్నవాడు దారి తెలియని చిక్కుల్లో పడిపోతాడని హెచ్చరించాడు.

ఆ తర్వాత డోర్ట్ మొదటి భాగం 16వ అంశం. ఇది భయపడేవాళ్ల కోసమే రాశారు. విశ్వాసం, నిశ్చయత తమలో ఇంకా గట్టిగా లేవని బాధపడుతూ, దేవుని వైపు తిరగాలని కోరుకునేవాళ్లు ఏర్పాటు మాట వినగానే హడలిపోనక్కర్లేదు, తమను తాము నశించేవాళ్లలో లెక్కేసుకోనక్కర్లేదు. దేవుడిచ్చిన సాధనాలను విడవకుండా వాడుకుంటూ ఉండాలి. ఏంటవి? వాక్యం, ప్రార్థన, ప్రభువు బల్ల. ఆయన పట్టించుకోకపోతే ఆ బాధ అసలు ఎక్కడినుంచి వచ్చింది? ఇలా అడిగి ఊరుకోండి, ఆలోచించనివ్వండి.

"నువ్వు తప్పకుండా ఏర్పాటులో ఉన్నావు" అని సర్టిఫికెట్ ఇవ్వకండి. మీకెలా తెలుసు? "ఈ ప్రార్థన నా వెనక చెప్పు, అయిపోయింది" అని కూడా అనకండి. ఇది స్వచిత్తం పక్షం వాళ్ల పొరపాటు. ప్రతి ఉజ్జీవ సభలోనూ చెయ్యెత్తేవాడిని చూశారా? పోయినేడు ఎత్తాడు, ఈ ఏడు ఎత్తాడు. ఎందుకు? నిరుడు తీసుకున్న తీర్మానం నిజంగా మనస్ఫూర్తిగా తీసుకున్నానా అని తన మనసునే తవ్వుకుంటున్నాడు. క్రీస్తు మీద ఉండాల్సిన నమ్మకం తన తీర్మానం మీద పెట్టుకున్నాడు. ఏర్పాటు పక్షం వాళ్ల పొరపాటు దీనికి తలకిందులు. నేను ఎన్నికైనవాణ్ణి అనే గర్వం, ఎదుటివాణ్ణి చూసి వీడు కాదులే అని లెక్కేయడం, పక్క వీధిలో సువార్త చెప్పడానికి బద్ధకం. ఏ పక్షం జబ్బు ఆ పక్షానికుంది.

చీటీలు రెండు వచ్చాయి. మొదటిది: ప్రార్థన దేవుని నిర్ణయాన్ని మారుస్తుందా? పదమూడో శతాబ్దపు వేదాంతి థామస్ అక్వైనస్ చెప్పిన జవాబు నాకు నచ్చుతుంది. దేవుని ఏర్పాటును మార్చడానికి మనం ప్రార్థించం. ప్రార్థన ద్వారానే జరగాలని ఆయన ఏర్పాటు చేసినవి పొందడానికి ప్రార్థిస్తాం. చావు జబ్బు చేసిన హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేశాడు, పదిహేను ఏళ్లు ఆయుష్షు పెరిగింది, యెషయా 38. పుండు మీద అంజూరపు ముద్ద కూడా కట్టమన్నాడు యెషయా. ప్రార్థనా ఉంది, మందూ ఉంది. ఈ జవాబు చాలదనేవాళ్లుంటారు, దేవుడు నిజంగానే మనసు మార్చుకున్నాడని వాళ్లు చదువుతారు. సరే, అది భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.

రెండోది: మా అబ్బాయి బాప్తిస్మం తీసుకుని పాటలు పాడేవాడు, ఇప్పుడు మందిరం గడప తొక్కట్లేదు, తాగుతున్నాడు. వాడు రక్షణ పోగొట్టుకున్నాడా, అసలు ఎప్పుడూ రక్షింపబడలేదా? పేరు లేదు, చదవడానికి పర్లేదనుకుంటాను. అమ్మా, అయ్యా, ఎవరైనా సరే. ఆర్మీనియన్ పక్షం ఒకవేళ పోగొట్టుకున్నాడేమో అంటుంది, హెబ్రీ 6 చూపిస్తుంది. కాల్విన్ పక్షం అయితే మొదట నిజమైన విశ్వాసం లేదేమో అంటుంది, లేదా నిజమైన విశ్వాసే పడిపోయాడేమో అంటుంది. డోర్ట్ ఐదో భాగంలో ఉంది, విశ్వాసులు ఘోర పాపాల్లో పడి కొంతకాలం దేవుని దయను అనుభవించలేని స్థితికి వెళ్తారు, మళ్లీ తిరిగి వచ్చేదాకా. మూడింటిలో మీ అబ్బాయిది ఏది? బయటినుంచి మనకు తెలియదు. కానీ మూడింటిలో ఏదైనా మీరు రేపు చేయాల్సిన పని ఒకటే. వాడు నిశ్చింతగా ఉండడానికి ఇప్పుడు ఏ ఆధారమూ లేదని చెప్పండి, యోహాను 6:37 రెండో సగం చెప్పండి, అన్నం పెట్టండి, తాగుడు మాన్పించే చికిత్స ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. సభ అయ్యాక ఎవరైనా నా దగ్గరికి వస్తే విడిగా కూర్చుందాం.